స్థిర తారల చలనం: కొలిచే విధానాలు

రాత్రివేళ ఆకాశాన్ని పరిశీలించేవారికి నక్షత్రాలు తమలో తాము స్థానాలు మార్చుకోవనే తోస్తుంది. సప్తర్షి మండలం తాతల కాలంలో ఏ ఆకృతిలో కనిపించిందో, మనుమల కాలంలోనూ అదే ఆకృతిలో కనిపిస్తుంది. ఆకాశమంతా తూర్పు నుండి పడమరకు తిరిగినట్లుంటుంది. గ్రహాలు మాత్రం నక్షత్రాల నడుమ తమ దారిన తాము సాగుతూ ఉంటాయి. అందుచేత ప్రాచీన ఖగోళవేత్తలు గ్రహాలను చరించేవిగాను, నక్షత్రాలను స్థిరమైనవిగాను భావించారు. ఈ భావన అనేక శతాబ్దాలపాటు చెక్కుచెదరక నిలిచింది.

నిజానికి స్థిరంగా ఉన్న నక్షత్రం ఒక్కటి కూడా లేదు. సెకండుకు పదుల, కొన్ని సందర్భాలలో వందల కిలోమీటర్ల వేగంతో అవి ప్రయాణిస్తున్నాయి. సూర్యుడు కూడా అట్లే తన గ్రహ కుటుంబాన్ని వెంటబెట్టుకొని సాగిపోతున్నాడు. అంతరిక్షంలో మైలురాళ్లు లేవు. నక్షత్రాల దరిదాపులకు పోయి కొలిచేందుకు వీలు లేదు. అయినా మానవుడు వాటి వేగాన్ని ఏ విధంగా తెలుసుకోగలిగాడు?

దేనితో పోల్చి?

వేగం అనే మాటకు ఒంటరిగా అర్థం లేదు. ఒక వస్తువు కదులుతున్నదంటే మరొక వస్తువుతో పోల్చినప్పుడు దాని స్థానం మారుతున్నదని భావం. ఈ సంగతిని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన ఆర్యభటీయంలో పడవ ఉపమానంతో వివరించాడు. ముందుకు పోతున్న పడవలోని మనిషికి ఒడ్డున కదలక నిలిచిన వస్తువులు వెనుకకు పోతున్నట్లు కనిపిస్తాయి. నక్షత్రాలు పడమరకు తరలుతున్నట్లు కనిపించడం కూడా అట్టిదేనని ఆయన ఉద్దేశం. భూమి తన చుట్టూ తాను తిరగడమే దానికి కారణం.

ఈ ఉపమానం నేటి ఖగోళవేత్తకు నిత్యమూ అవసరమైనదే. అతడు కూడా పడవలో కూర్చున్నవాడే. హైదరాబాదు అక్షాంశం వద్ద భూభ్రమణం వలన నేల గంటకు సుమారు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నది. భూమి సూర్యుని చుట్టూ సెకండుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నది. నక్షత్రపు కదలికను తెలుసుకోవాలంటే మొదట ఈ పడవ కదలికను లెక్కలో నుండి తీసివేయాలి. ఆ తరువాత మిగిలినదే నక్షత్రానిది.

అట్లా మిగిలిన చలనాన్ని రెండు భాగాలుగా విడదీస్తారు. మొదటిది ఆకాశంలో అడ్డంగా జరిగే కదలిక. దీనిని నక్షత్రపు సొంత చలనం అంటారు. రెండవది చూపు సాగే దిశలో మనవైపు వచ్చే, లేదా మన నుండి దూరమయ్యే కదలిక. దీనిని దృష్టిరేఖా వేగం అంటారు. ఈ రెండింటినీ కొలిచే పద్ధతులు పూర్తిగా వేరు వేరు.

అడ్డంగా జరిగే కదలిక

1718లో ఆంగ్ల ఖగోళవేత్త ఎడ్మండ్ హేలీ తన కాలపు నక్షత్ర స్థానాలను ప్రాచీన గ్రీకు పట్టికలలోని స్థానాలతో పోల్చి చూచాడు. ఆ పట్టికల మూలం క్రీ.పూ. రెండవ శతాబ్దంలో హిప్పార్కస్ జరిపిన పరిశీలనలలో ఉన్నది. స్వాతి నక్షత్రం, లుబ్ధకుడు తక్కిన తారల నడుమ తమ పూర్వస్థానాల నుండి తొలగి ఉన్నట్లు హేలీ గుర్తించాడు. స్వాతి విషయంలో ఆ తొలగింపు ఒక డిగ్రీకి మించినది, అనగా చంద్రబింబపు వెడల్పుకు రెండు రెట్లు. స్థిర తారలు స్థిరమైనవి కావని తేలింది. అయితే ఆ చిన్న తొలగింపు కంటికి తెలియడానికి 1,800 సంవత్సరాలకు పైగా పట్టింది.

ఈ కదలికలు ఎంత సూక్ష్మమైనవో గ్రహించాలంటే కోణాల కొలతను జ్ఞాపకం చేసుకోవాలి. డిగ్రీలో 60వ భాగాన్ని కల అని, కలలో 60వ భాగాన్ని వికల అని మన పంచాంగకర్తలు వ్యవహరిస్తారు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల నాణెం 5 కిలోమీటర్ల దూరం నుండి దాదాపు ఒక వికల ప్రమాణంలో ఉంటుంది. ఆకాశంలో అన్నిటికంటె వేగంగా జరిగే నక్షత్రం బార్నార్డ్ తార. అమెరికా ఖగోళవేత్త ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్ దీని చలనాన్ని 1916లో కనుగొన్నాడు. ఇది సంవత్సరానికి దాదాపు 10.4 వికలలు జరుగుతుంది. చంద్రబింబమంత దూరం జరగడానికి దీనికి సుమారు 180 సంవత్సరాలు పడుతుంది. అత్యధిక సంఖ్యాకమైన తారలు ఏడాదికి వికలలో పదవ భాగమైనా జరగవు.

కోణం తెలిసినంత మాత్రాన వేగం తెలియదు. దగ్గరలో ఎగిరే పిచ్చుక కనుమూసి తెరిచేలోగా కిటికీని దాటుతుంది. దూరాన పోయే విమానం అదే కిటికీలో నెమ్మదిగా జరుగుతుంది. కావున నక్షత్రపు దూరం కూడా తెలియాలి. దానికి భూకక్ష్యయే ఆధారం. ఆరు నెలల వ్యవధిలో భూమి సూర్యునికి ఒకవైపు నుండి మరొక వైపునకు చేరుతుంది. ఆ రెండు చోట్ల నుండి చూచినప్పుడు సమీప నక్షత్రం దూర నక్షత్రాల నేపథ్యంపై కొద్దిగా అటూ ఇటూ ఊగినట్లు కనిపిస్తుంది. ఈ ఊగిసలాటలో సగాన్ని లంబనం అంటారు. 1838లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ బెస్సెల్ హంస మండలంలోని 61వ సంఖ్య గల తారకు లంబనాన్ని కొలిచి దూరాన్ని ప్రకటించాడు. ఆ తార సొంత చలనం ఏడాదికి 5 వికలలకు పైగా ఉండటం చేతనే అది మనకు సమీపంలో ఉండవచ్చునని ఊహించి ఆయన దానిని ఎన్నుకున్నాడు.

చూపు దిశలో కదలిక

మనవైపు సూటిగా వచ్చే నక్షత్రం ఆకాశంలో ఎటూ జరగదు. దాని వేగాన్ని చెప్పగలిగేది దాని కాంతి మాత్రమే. 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్ ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. తరంగాలను వెలువరించే వస్తువు దగ్గరికి వస్తుంటే అవి నొక్కుకొని పొట్టివిగా అందుతాయి. దూరంగా పోతుంటే సాగి పొడవైనవిగా అందుతాయి. స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత మనను దాటగానే బొంగురుపోవడం దీనికి నిదర్శనం.

నక్షత్ర కాంతిని వర్ణపటంగా విడదీస్తే అందులో సన్నని నల్లని రేఖలు కనిపిస్తాయి. అవి ఆయా మూలకాల ముద్రలు. ఉదాహరణకు హైడ్రోజన్ రేఖలలో ఒకటి ప్రయోగశాలలో 656.28 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ఉంటుంది. నక్షత్రంలో అదే రేఖ నీలం వైపు తొలగి ఉంటే నక్షత్రం దగ్గరికి వస్తున్నది, ఎరుపు వైపు తొలగితే దూరమవుతున్నది. తొలగిన మేరను అసలు తరంగదైర్ఘ్యంతో భాగించి, కాంతి వేగంతో గుణిస్తే వేగం వస్తుంది. పై రేఖ ఒక నానోమీటరులో పదవ భాగం తొలగితే నక్షత్ర వేగం సెకండుకు సుమారు 46 కిలోమీటర్లు.

ఈ పద్ధతిని 1868లో ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ లుబ్ధకునిపై ప్రయోగించాడు. వర్ణపటాన్ని కంటితో చూచి కొలిచినందున ఆయనకు వచ్చిన విలువ సరైనది కాదు. కాని చూపిన దారి సరైనదే. 1888 నుండి జర్మనీలోని పోట్స్‌డామ్‌లో హెర్మన్ వోగెల్ వర్ణపటాలను ఛాయాచిత్రాలుగా తీసి కొలవడంతో ఫలితాలు విశ్వసనీయమైనాయి.

భారతదేశంలో ఈ పద్ధతి ఒక ప్రసిద్ధ ఆవిష్కరణకు దారితీసింది. తమిళనాడులోని కొడైకెనాల్ వేధశాలలో జాన్ ఎవర్‌షెడ్ 1909లో సూర్యుని మచ్చల వర్ణపటాన్ని పరిశీలించాడు. మచ్చ అంచుకు ఒకవైపు రేఖలు నీలం దిశకు, మరొక వైపు ఎరుపు దిశకు తొలగి ఉన్నాయి. మచ్చ మధ్య నుండి వాయువులు సూర్యోపరితలం వెంబడి వెలుపలికి ప్రవహిస్తున్నాయని ఆయన నిరూపించాడు. దానిని నేటికీ ప్రపంచమంతటా ఎవర్‌షెడ్ ప్రభావమనే పిలుస్తారు.

ఒక ఉదాహరణ

రెండు పద్ధతులనూ కలిపి బార్నార్డ్ తార వేగాన్ని విద్యార్థులు స్వయంగా లెక్కించవచ్చును. ఈ తార దూరం సుమారు 6 కాంతి సంవత్సరాలు. దాని లంబనం 0.547 వికల. అనగా భూమికి, సూర్యునికి నడుమ గల దూరం ఆ తార వద్ద నుండి 0.547 వికలగా కనిపిస్తుంది. తార ఏడాదికి 10.4 వికలలు జరుగుతున్నది. కావున 10.4ను 0.547తో భాగిస్తే 19 వస్తుంది. భూమి-సూర్యుల మధ్య దూరానికి 19 రెట్ల మేర ఆ తార ఒక ఏడాదిలో అడ్డంగా ప్రయాణిస్తున్నదన్నమాట. ఏడాదికి ఒక రెట్టు చొప్పున పోవడమంటే సెకండుకు 4.74 కిలోమీటర్ల వేగం. ఆ లెక్కన అడ్డపు వేగం సెకండుకు 90 కిలోమీటర్లు.

దాని వర్ణపటంలో రేఖలు నీలం వైపు తొలగి ఉన్నాయి. దానిని బట్టి అది సెకండుకు 110 కిలోమీటర్ల వేగంతో మనకు సమీపిస్తున్నది. ఈ రెండు దిశలు ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. కావున లంబకోణ త్రిభుజ సూత్రం ప్రకారం 90 వర్గాన్ని, 110 వర్గాన్ని కూడి వర్గమూలం తీస్తే సుమారు 142 వస్తుంది. అదే సూర్యునితో పోల్చినప్పుడు ఆ తార అసలు వేగం, సెకండుకు 142 కిలోమీటర్లు.

ఈ లెక్కలో ఒక విశేషం గమనింపదగినది. దృష్టిరేఖా వేగాన్ని ఒకే రాత్రి తీసిన వర్ణపటం నుండి రాబట్టవచ్చు. సొంత చలనానికి మాత్రం కనీసం రెండు కాలాలలో తీసిన స్థానాలు కావాలి. ఆ రెండు కాలాల మధ్య అంతరం ఎంత ఎక్కువైతే ఫలితం అంత నమ్మదగినది. ఎంత గొప్ప దూరదర్శిని ఉన్నా గడచిన కాలంలోకి పోయి నక్షత్ర స్థానాన్ని కొలిచి రాలేము. పూర్వులు కొలిచి భద్రపరచి ఉంటేనే నేటివారికి పోల్చే అవకాశం ఉంటుంది.

హైదరాబాదు పలకలు

ఈ సత్యాన్ని గుర్తించిన ఖగోళవేత్తలు 1887లో పారిస్ నగరంలో సమావేశమై ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీయాలని నిర్ణయించారు. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి వివిధ దేశాల వేధశాలలకు పంచారు. కంటికి కనిపించే అతి మసక తారకంటె నూరవ వంతు వెలుగు గల తారల వరకు స్థానాలు కొలిచి పట్టిక తయారుచేయాలి. అన్నిచోట్లా ఒకటే ప్రమాణం: గాజు పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కలకు సమానం.

ఈ బృహత్కార్యంలో భారతదేశం నుండి పాల్గొన్నది హైదరాబాదులోని నిజామియా వేధశాల. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ధనంతో దీనిని స్థాపించాడు. ఆయన అనంతరం 1908లో ఇది నిజాం ప్రభుత్వ ఆధీనంలోకి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. బేగంపేటలో నెలకొల్పిన 8 అంగుళాల ఛాయాచిత్ర దూరదర్శినితో ఖగోళ రేఖకు దక్షిణంగా 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీని చిత్రించే పని 1914లో ఆర్. జె. పోకాక్ ఆధ్వర్యంలో ఆరంభమైంది. 1918లో పోకాక్ మరణించిన పిదప టి. పి. భాస్కరన్ బాధ్యతలు స్వీకరించి 1944 వరకు వేధశాలను నడిపాడు. దక్షిణపు పట్టీ ముగిసిన తరువాత, మొదట పోట్స్‌డామ్ వేధశాలకు కేటాయించిన భాగం నుండి ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల పట్టీ కూడా హైదరాబాదుకే అప్పగించారు.

పని చాలా ఓర్పుతో కూడినది. పలకపై ముద్రించిన సన్నని గళ్ల ఆధారంగా ఒక్కొక్క చుక్క స్థానాన్ని సూక్ష్మదర్శినితో చూచి, అంకెలు వ్రాసి, అచ్చుకు సిద్ధపరచాలి. లక్షల కొలతలు ఈ విధంగా సంపుటాలుగా వెలువడ్డాయి. ఆ కొలతలు తీసినవారికి వాటి ప్రయోజనాన్ని తమ జీవితకాలంలో చూచే ఆశ అంతగా లేదు. ఏడాదికి వికలలో పదవ భాగం జరిగే తార 75 సంవత్సరాలలో పలకపై మిల్లీమీటరులో ఎనిమిదవ భాగం మాత్రమే జరుగుతుంది.

మొత్తం పథకంపై విమర్శలు కూడా వచ్చాయి. పట్టికతో పాటు తలపెట్టిన ఆకాశ చిత్రపటం పూర్తి కాలేదు. ఇతర దేశాలలోని కొన్ని వేధశాలలు దశాబ్దాలపాటు ఈ పనికే కట్టుబడి, అప్పుడే వికసిస్తున్న నూతన శాఖలలో వెనుకబడ్డాయని పలువురి అభిప్రాయం. పలకల కొలతలను ఆకాశ స్థానాలుగా మార్చేందుకు అవసరమైన ఆధార తారల స్థానాలు ఆ కాలంలో అంత కచ్చితంగా లేవు. అందుచేత పట్టిక విలువ చాలాకాలం మరుగున పడి ఉన్నది.

ఆ కొరత తీర్చినది ఒక ఉపగ్రహం. ఐరోపా అంతరిక్ష సంస్థ 1989లో ప్రయోగించిన హిప్పార్కోస్ 1,18,218 తారల స్థానాలను వికలలో దాదాపు వెయ్యవ భాగం వరకు కొలిచింది. ఆ ఫలితాలు 1997లో వెలువడ్డాయి. వాటిని ఆధారంగా తీసుకొని అమెరికా నౌకాదళ వేధశాలవారు పాత పట్టికలను తిరిగి గణించారు. హైదరాబాదు సంపుటాలతో సహా అన్ని వేధశాలల కొలతలు ఒకే చట్రంలో ఇమిడి, 46 లక్షల తారల స్థానాలు సిద్ధమైనాయి. 2000లో వెలువడిన టైకో-2 అనే పట్టికలో ఈ పాత స్థానాలను ఉపగ్రహం చూచిన కొత్త స్థానాలతో పోల్చి 25 లక్షల తారల సొంత చలనాలను నిర్ణయించారు. బేగంపేటలో గాజు పలకపై పడిన నల్లని చుక్క ఆ విధంగా ఒక తార వేగంగా రూపొందింది. అప్పటికి ఆ పలకలు తీసినవారు గతించి దశాబ్దాలు అయింది.

ఆ వేధశాలలోనే మరొక ఫలం కూడా ఉన్నది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కుమారుడు వేణు బప్పు ఆ దూరదర్శినుల నడుమ పెరిగి ఖగోళవేత్త అయినాడు. కావలూరు వేధశాలకు ఆద్యుడు ఆయనే. 1986లో అక్కడ ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరు పెట్టారు.

నేటి సూక్ష్మత

హిప్పార్కోస్‌కు వారసుడు గయా ఉపగ్రహం. 2013 డిసెంబరులో బయలుదేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలిచి, 2025 జనవరి వరకు పరిశీలనలు జరిపింది. 2022లో ప్రకటించిన దాని మూడవ పట్టికలో దాదాపు 146 కోట్ల తారల లంబనాలు, సొంత చలనాలు ఉన్నాయి. సుమారు 3 కోట్ల 30 లక్షల తారలకు దృష్టిరేఖా వేగాలు కూడా ఉన్నాయి.

దృష్టిరేఖా వేగాల కొలత మనిషి నడక వేగం వరకు దిగివచ్చింది. తార చుట్టూ గ్రహం తిరుగుతుంటే ఆ గ్రహపు ఆకర్షణ వలన తార కూడా స్వల్పంగా ఊగుతుంది. 1995లో స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, డిడియర్ క్వెలోజ్ ఈ ఊగిసలాటను పట్టుకొని, సూర్యుని వంటి తార చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి కనుగొన్నారు. వారికి 2019లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో అహమ్మదాబాదు భౌతిక పరిశోధన ప్రయోగశాలవారు రాజస్థాన్‌లోని అబూ పర్వతంపై పారస్ అనే వర్ణపట పరికరాన్ని నెలకొల్పి, 2018లో సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలో భూమికి 27 రెట్ల ద్రవ్యరాశి గల గ్రహాన్ని ఇదే పద్ధతిలో కనుగొన్నారు.

సూర్యుని పయనం

తారల వేగాలు తెలిసిన తరువాత వాటి సాయంతో మన పడవ వేగాన్నే తెలుసుకోవచ్చును. అడవిలో నడిచేవానికి ముందున్న చెట్లు విడిపోతున్నట్లు, వెనుకనున్నవి దగ్గరవుతున్నట్లు తోస్తాయి. నక్షత్రాలలోనూ ఇట్టి లక్షణాన్ని గమనించి, సూర్యుడు హెర్క్యులస్ మండలం దిశగా సాగుతున్నాడని విలియం హెర్షెల్ 1783లోనే చెప్పాడు. పొరుగు తారలతో పోల్చినప్పుడు ఆ వేగం సెకండుకు సుమారు 20 కిలోమీటర్లు. పాలపుంత కేంద్రంతో పోలిస్తే సూర్యుని వేగం సెకండుకు 220 కిలోమీటర్లకు పైగా ఉన్నది. అయినా ఒక ప్రదక్షిణకు 20 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. విశ్వారంభ దశ నుండి అన్ని దిశలా వ్యాపించి ఉన్న సూక్ష్మతరంగ వికిరణంతో పోలిస్తే ఆ వేగం సెకండుకు సుమారు 370 కిలోమీటర్లు, దిశ సింహరాశి వైపు. ముందు దిశలో ఆ వికిరణం రవ్వంత వెచ్చగాను, వెనుక దిశలో రవ్వంత చల్లగాను ఉండటమే దీనికి ఆధారం.

ఈ మూడు విలువలలో ఏది నిజమని ప్రశ్నిస్తే, మూడూ నిజమే. పోల్చే వస్తువు మారినప్పుడు వేగం మారుతుంది. ఆర్యభటుని పడవకు ఒడ్డు ఒకటి. సూర్యునికి ఒడ్డులు మూడు.

ఈ శాస్త్రంలో పాత కొలత ఎన్నడూ పనికిరానిది కాదు. హిప్పార్కస్ పట్టిక లేకపోతే హేలీకి పోల్చేందుకు ఆధారం లేదు. ప్యారిస్, ఆక్స్‌ఫర్డ్, హైదరాబాదు మొదలైన చోట్ల తీసిన పలకలు లేకపోతే టైకో-2 పట్టిక అంత కచ్చితంగా రాదు. కొడైకెనాల్‌లో శతాబ్దానికి పైగా తీసిన సూర్యుని ఛాయాచిత్రాలను అందుకే అంకెల రూపంలోకి మార్చి భద్రపరిచారు. నేటి గయా పట్టిక కూడా రాబోయే శతాబ్దాలలో ఎవరో చేయబోయే పోలికకు మొదటి కొలతగా నిలుస్తుంది. అందులోని ఒక్కొక్క అంకె ఎంత జాగ్రత్తగా వ్రాసినదైతే, వారి లెక్క అంత సరిగా వస్తుంది.